నాయన వేళ్లు తెల్లబడే చలికాలం

ఆదోని బస్టాండు పక్కన జొన్నరొట్టెలు అమ్మేవాళ్లు వాటిని వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి ఇస్తారు. ఇల్లు చేరేసరికి రొట్టెకు చెమటలు పట్టి, జ్వరం తగ్గిన మనిషిలా నీరసంగా వాలిపోతుంది. ఈ సంగతి వాళ్లకు మూడుసార్లు విన్నవించుకున్నాను. మూడోసారి ఇంకో కవరు అదనంగా ఇచ్చారు. అయినా ఆ మూట విప్పగానే వచ్చే కాలిన పిండి వాసనకు నేను ఎమ్మిగనూరులోని మా పాత ఇంట్లో, పొయ్యి పక్కన, ఏడేళ్ల పిల్లనై కూర్చుంటాను.

మా ఇల్లంటే ముప్పాతిక మగ్గం. మిగిలిన పాతికలో ఒక పొయ్యి, రెండు ట్రంకు పెట్టెలు, నాయన, అమ్మ, జేజి, నేను. చలికాలం పొద్దున్నే వీధి పొడవునా మగ్గానికెక్కించే నూలు పడుగులు సాచి గంజి పెట్టేవాళ్లు. ఆ పుల్లటి గంజి వాసనలో మా జేజి, అంటే నాయన తల్లి, రోట్లో వేసి దంచే నువ్వుల్లాంటి గురెళ్ల పొడి ఘాటు కలిసి, సజ్జరొట్టె ఇంకా కాలకముందే ఆకలి వేసేది. పిల్లలం పడుగుల కింద వంగి, నూలుకు తల తగలకుండా అవతలికి దూరే ఆట ఆడేవాళ్లం. తగిలితే ఆటలో ఓటమి, దాంతోపాటు దగ్గర్లో ఉన్న పెద్దమనిషి చేతి బహుమానం.

నాయన మాత్రం మగ్గం మీద ఉండేవాడు కాదు. నేత తిండికి చాలని రోజుల్లో, కోసిగి వైపు బావులు తవ్వే ముఠాలో చేరి, ట్రాక్టరు కంప్రెసరుతో నడిచే డ్రిల్లును రెండు చేతులా పట్టుకుని బండలకు బెజ్జాలు వేసేవాడు. ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. చన్నీళ్లు తగలగానే ఆయన వేళ్లు కొసల నుంచి రెండో కణుపు దాకా సుద్దముక్కల్లా తెల్లబడేవి. పొయ్యి దగ్గర కాచుకుంటే ఎర్రగా కంది, చీమలు పాకినట్టు జివజివలాడేవి. మాకు వేరే వినోదం లేదు కనుక నేను దీన్ని ప్రదర్శనగా పెట్టాను. పక్కింటి ఖాజాబీ గుప్పెడు బొరుగులు తెచ్చి, ముందు వరసలో కూర్చుని చూసేది.

“ఏమే, మీ నాయన చేతికి సున్నం కొట్టినారా?” అనేది.

రెండో అంశం ఇంకా గొప్పది. కాగే పెనం మీది రొట్టెను నాయన వట్టి వేళ్లతో తిప్పి, అట్లాగే పట్టుకుని మావైపు చూసి నవ్వేవాడు. పనిచేసి చేసి చేతులు రాటుదేలాయని అమ్మకు గర్వం. మా ఇంట్లో అందరూ ఒక్కమాట మీద నిలబడిన సంగతులు తక్కువ. అందులో ఇదొకటి, అదీ తప్పేనని తర్వాత తేలింది.

“ఇంగ రెండు బావులు, అంతేమా. మళ్లా మగ్గమే,” అని ప్రతి ఆదివారం నాయన జేజికి చెప్పేవాడు. మగ్గం నేసే జేజికి చూపు తగ్గుతోంది. నాయన వచ్చి కూర్చోకపోతే మగ్గాన్ని ఎవరికో ఇచ్చేయాలి. అందుకని ఆమె బావులు లెక్కపెట్టుకుంటూ ఉండేది.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒక మార్గశిరంలో నాయన నిజంగానే వచ్చేశాడు. కొత్త పడుగు వచ్చింది. పాత పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. ముడి వేయరు, వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్క మెలి తిప్పుతారు. వేల పోగులు. వేళ్లు తమ పని తాము చేసుకుపోతుంటే, కళ్లు వీధిలో ఎవరు పోతున్నారో చూసుకుంటాయి.

నాయన బూడిద అద్దుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా ఉన్నాను. కాసేపటికి పోగు ఆయన వేళ్ల నుంచి జారిపోయింది. ఆయన మాత్రం తిప్పుతూనే ఉన్నాడు, ఎంతో జాగ్రత్తగా, ఏమీ లేనిదాన్ని. కొత్త ప్రదర్శన అనుకుని నేను పకపకా నవ్వాను.

“ఏంరా, ఇంగా కాలేదా?” అంది జేజి.

“ఈ నూలు మరీ సన్నంగుందిమా.”

జేజి తడుముకుంటూ వచ్చి, ఆయన అతికిన పోగుల మీద వేలు పోనిచ్చింది. ఒక్కొక్కటే విడిపోయాయి. “నూలు ఎప్పటిదేరా,” అంటూ ఆయన చెయ్యి పట్టుకుని, చూపుడువేలి కొసను గోటితో గట్టిగా గిచ్చింది. నాయన అప్పుడు వీధిలోకి చూస్తున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోకుండా అటే చూస్తూ ఉండిపోయాడు. జేజి కొంగుతో ఆయన వేళ్లకున్న బూడిద తుడిచింది.

నాయన కళ్లతో చూసి అతకాలని మరో వారం కష్టపడ్డాడు. ఆ ఎండాకాలం మాధవరం బంధువొకాయన మగ్గం విప్పి ఆటోలో వేసుకుపోయాడు. నాయన మళ్లీ బావుల పనికే పోయాడు, ఇప్పటికీ పిలిస్తే పోతాడు.

నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతను పూడ్చి బండలు పరిచారు. ఇప్పుడు దాని మీద ఫ్రిజ్ ఉంది. పడుగులు సాచిన వీధిలో కార్లు నిలుపుతున్నారు. జేజి లేదు. నాయన చొక్కా గుండీలు అమ్మ పెడుతుంది.

పోయిన నెల నాయనను ఆదోనిలో డాక్టరుకు చూపించాను. ఇంటికొచ్చాక, చదువుకున్నదాన్ని కనుక, డాక్టరు చెప్పిన రెండు ముక్కలకు నావి ఇరవై కలిపి వివరించాను: మిషను అదురుకు వేళ్లలోని సన్నని రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయని, నడుమనడుమ ఆపాలని, చేతులు వెచ్చగా ఉంచుకోవాలని, మిషనును బిగించి పట్టకుండా వదులుగా పట్టుకోవాలని. నాయన మర్యాదగా అంతా విన్నాడు.

“వదులుగా పట్టుకునేటోన్ని పనికి ఎవురు పిలుస్తారుమ్మా?” అన్నాడు.