మా తాత గ్లాసులో నన్నారి

పాలు లేకుండా టీ తాగడం నాకు నేర్పింది ఆమే. మాదాపూర్‌లో ఒకే కంపెనీలో, ఒకే టీమ్‌లో పనిచేసేవాళ్ళం. ఆమె నాకంటే కొన్నేళ్ళు పెద్ద. లింగంపల్లిలో పుట్టి, అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడే స్థిరపడిన మనిషి. నేను నల్లమల అంచున ఉన్న చిన్న ఊరి నుంచి వచ్చి, నార్సింగిలో అద్దె ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆఫీసులో అందరూ అందరినీ పేర్లు పెట్టే పిలుచుకునేవాళ్ళు. ఆమెను మాత్రం నేను అక్కా అనేదాన్ని.

ఒకరోజు డార్జిలింగ్ వెళ్ళొచ్చిన సహోద్యోగి ఎవరో ఒక టీ డబ్బా తెచ్చి ప్యాంట్రీలో పెట్టారు. మిషన్ టీకి అలవాటుపడ్డ వాళ్ళెవరూ దాని మూత తీయలేదు. అక్క తీసింది. సగం ఆకుపచ్చగా, సగం గోధుమరంగులో ఉన్న ఆకుల్ని గాజు గ్లాసులో వేసి, వేడినీళ్ళు పోసి నన్ను పిలిచింది.

"అప్పుడే తాగకు. ముందుగాల వాసన చూడు."

చూశాను. ఎండుగడ్డి, దాని వెనక ఎక్కడో పచ్చి ద్రాక్ష. అదే చెప్పాను. ఆమె గ్లాసు తన ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అవునే. ద్రాక్షనే. నీ ముక్కు మంచి ముక్కు."

పనిలో మెచ్చుకున్నప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. హైదరాబాద్‌లో నా పని గురించి కాకుండా నా గురించి ఎవరైనా ఒక మంచిమాట చెప్పడం అదే మొదలు.

అప్పటి నుంచి మధ్యాహ్న భోజనం అయ్యాక కిటికీ పక్క బల్ల మాది. ఇద్దరం వంతులు వేసుకుని కొత్త కొత్త ఆకులు తెచ్చేవాళ్ళం. మల్లెపూల మధ్య ఆరబెట్టిన గ్రీన్ టీ తాగి ఆమె, "అగరుబత్తి కడిగిన నీళ్ళ లెక్కున్నది," అంది. కట్టెల పొగ పట్టించిన నల్ల టీని మాత్రం గ్లాసు అడుగు దాకా తాగింది. చివరికి, "మా నాయనమ్మ పొయ్యి కాడ కూసున్నట్టుంది," అంది. ఎర్రగా మెరిసే మందార టీని గొప్పగా తెస్తే, అది ఎండబెట్టిన గోంగూర కాయల పులుపేనని తేలి ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. గ్రీన్ టీకి మరిగే నీళ్ళు పోస్తే చేదెక్కుతుందనీ, కాస్త చల్లారనిచ్చి పోయాలనీ, చాలా గ్లాసులు పాడుచేశాక తెలుసుకున్నాం. చెంచాతో తీసుకుని జుర్రున పీలిస్తే రుచి నాలుక వెనక దాకా వెళ్తుందని ఆమె ఎక్కడో చూసి వచ్చి చెప్పింది. మేం అలా జుర్రుతుంటే పక్క బల్లవాళ్ళు తలలు తిప్పి చూసేవాళ్ళు.

ఒక వానరోజున వెనిలా పరిమళం కలిపిన నల్ల టీ తెచ్చింది. గ్లాసు ఎత్తగానే నా చేయి ఆగిపోయింది.

"ఇది నన్నారి వాసనక్కా."

"నన్నారంటే? సుగంధి షర్బత్ చేస్తరే, గదేనా?"

అదేనన్నాను, ఆ సుగంధి మొక్క వేరునే మా వైపు నన్నారి అంటారు. అప్పుడు నేను ఆమెకు మా తాత గురించి చెప్పాను. తాతకు, అంటే మా అమ్మ తండ్రికి, చివరి రోజుల్లో చూపు పోయింది. ఇంట్లో టీ గ్లాసులన్నీ ఒకే రకం. పళ్ళెంలో పెట్టి అందరికీ ఇస్తుంటే ఆయన తడుముకుంటూ వేరేవాళ్ళ గ్లాసు పట్టుకునేవాడు, తర్వాత సిగ్గుపడేవాడు. అవ్వ ఇది గమనించి, ఆయన టీలో మాత్రం ఒక నన్నారి వేరు దంచి వేసేది. ఇక ఆయన ఎవరినీ అడిగేవాడు కాదు. పళ్ళెం మీదికి కొంచెం వంగి, వాసన పట్టి, తన గ్లాసు తనే తీసుకునేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు ఆయనకు చూపు లేదన్న సంగతి వెంటనే తెలిసేది కాదు.

అక్క నా చేతి మీద చేయి వేసింది. "ఈ ముచ్చట ఇంకెవరికన్న చెప్పినవా?"

లేదన్నాను. నిజంగానే ఎవరికీ చెప్పలేదు.

అమ్మకు ఫోన్ చేసి నన్నారి వేర్లు తెప్పించాను. వేరు నడుమ ఉండే కట్టె పారేసి, పైన తోలు మాత్రం మెత్తగా దంచి టీ ఆకులో కలపడం మొదలుపెట్టాం. అస్సాం ఆకు నన్నారిని తొక్కేసింది. డార్జిలింగ్ ఆకును నన్నారి మింగేసింది. నీలగిరి ఆకుతో రెండూ కలిసి నిలబడ్డాయి. అందులో కొంచెం ఎండు కమలాతొక్క వేద్దామన్నది ఆమె ఆలోచన. అది వేశాక, ఆ టీ మొదటిసారి తాగినరోజు ఆమె అంది, "మనిద్దరం కలిసి ఒక చిన్న టీ దుకాణం పెడుదామే. గిట్లనే, నాలుగు బల్లలు."

"పెడదాం. ఈ ప్రాజెక్టు అయిపోనీ అక్కా," అన్నాను. తర్వాత కూడా ఆమె అడిగినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం చెప్పేదాన్ని. కానీ పెడతామనే నమ్మాను.

ఆ మధ్య చుట్టాల పెళ్ళికి అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడు అక్క నార్సింగి వచ్చి, అమ్మ చేతి ఉగ్గాని తిని, వెళ్ళేటప్పుడు కాళ్ళకు దండం పెట్టింది. ఇద్దరూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. నాకు కడుపు నిండినట్టయింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆమె ఉద్యోగం మానేసింది. అత్తగారికి ఒంట్లో బాగాలేదనీ, ఇంట్లో ఉండక తప్పదనీ చెప్పింది. ఫోన్ చేస్తే మాట్లాడేది కానీ తొందరలో ఉండేది. "దవాఖాన చుట్టూ తిరుగుడే అయితున్నది, జర పరేషాన్ల ఉన్న," అనేది. ఆమె మీద జాలిపడి నేను ఫోన్లు తగ్గించాను. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని తాగేదాన్ని.

ఒక ఆదివారం టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి, మాదాపూర్‌లో ఒక కొత్త టీ రూంలో టీలు రుచి చూపిస్తున్నారంటూ నన్ను వెంటబెట్టుకుపోయింది. మెట్లెక్కి లోపలికి వెళ్ళాం. మేం వెనక వరుసలో కూర్చున్నాక లోపలి గదిలోంచి అక్క వచ్చింది. చేనేత చీర, చేతిలో గాజు కెటిల్. జనం నిండుగా ఉన్నారు, ఆమె నన్ను చూడలేదు. మొదట నాకు సంతోషమే కలిగింది. లేచి పిలవబోయాను కూడా. అత్తగారు కోలుకున్నట్టుంది, నాకు చెప్పే తీరిక దొరకలేదేమో అనుకున్నాను.

రెండు మూడు రకాలు అయ్యాక ఆమె చిన్న గ్లాసుల్లో ఎర్రటి టీ పోయించింది. గ్లాసు నా దాకా రాకముందే వాసన వచ్చింది.

"మా తాతకు చూపు పోయింది," అని మొదలుపెట్టింది.

పళ్ళెం, ఒకే రకం గ్లాసులు, అవ్వ దంచిన వేరు, అన్నీ వరసగా చెప్పింది. నేను ఆమెకు చెప్పిన మాటలే, అక్కడక్కడ నేను ఆగినచోటే ఆగుతూ చెప్పింది. చివర్లో నాకు తెలియనిది ఒకటి కలిపింది. అవ్వ చనిపోయిన రోజు తాతను ఆమె పక్కన కూర్చోబెడితే, ఆయన ఆమె చేయి తీసుకుని వాసన చూసి, 'ఈ గ్లాసు నాదే' అన్నాడట. వేర్లు దంచీ దంచీ ఆ వాసన ఆమె చేతుల్లో ఉండిపోయిందట.

నా పక్కనున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేను గ్లాసులోది తాగాను. టీ బాగుంది. మేం చేసినదానికంటే కమలాతొక్క కాస్త తగ్గించింది, అందుకని ఇంకా బాగుంది. బాగోకపోయి ఉంటే నాకు కొంచెం ఓదార్పుగా ఉండేది.

అందరూ లేచాక ఆమె దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి ఆమె ముఖం పాలిపోయింది, కానీ అది ఒక్క క్షణమే.

"అక్కా, అది మా తాత గురించి కదా."

"తెల్వదా నాకు? గిక్కడ వద్దు, అందరున్నరు."

"మీ తాత అని చెప్పావు."

"మా ఫ్రెండ్ వాళ్ళ తాత అంటే ఎవరు ఇంటరే? వాళ్ళకు నా సొంత ముచ్చట గావాలె."

"ఆ చివరిది ఎందుకు కల్పించావు? మా తాత అలా ఎప్పుడూ అనలేదు."

"కల్పించలే. మీ అమ్మనే..." అని ఆగిపోయింది.

"మా అమ్మ?"

ఆమె పక్కకు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పుడడిగినా జర ఆగక్కా, జర ఆగక్కా అంటివి. నేను ఆగలే, దుకాణం పెట్టిన, గంతే. నీ ఉద్యోగం నీకున్నది గద," అంది. ఎవరో ఆమెతో ఫోటో దిగడానికి వచ్చారు. ఆమె నవ్వుతూ అటు తిరిగింది.

నేను ఆగమన్న మాట నిజం. కానీ ఆగలేనని ఆమె నాతో ఒక్కసారి కూడా అనలేదు. అత్తగారి జబ్బు గురించి మాత్రం అన్నిసార్లు చెప్పింది.

కిందికి దిగి, ఆ అమ్మాయిని పంపేసి, మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. అక్క ఏమైనా ఫోన్ చేస్తోందా అని మామూలుగానే అడిగాను.

"తెలిసిపాయనా నీకు?" అమ్మ నవ్వింది. "నీ పుట్టినరోజుకు ఏందో చేస్తాదంట. నీకు సెప్పొద్దు అనింది. వేర్లు నేనే పంపిస్తాండా, ఎండాకాలం నుంచీ. వారం వారం ఫోన్ చేస్తాది మా, ఎంత బాగా మాట్లాడ్తాదో. మీ తాత గురించి అన్నీ అడిగి సెప్పించుకున్యాది."

"అవ్వ చేయి వాసన చూసింది కూడా నువ్వే చెప్పావా?"

"ఊ. నీకు సెప్పలేదా? సెప్పినాననుకుంటి."

ఆ పూట అమ్మకు ఏమీ చెప్పలేకపోయాను. అక్క నా తాతను తీసుకుందన్న బాధ ఒక ఎత్తు. మా అమ్మ ప్రతివారం ఎదురుచూసిన ఆ ఫోన్ ఎందుకోసమో తెలిస్తే ఏమవుతుందన్న భయం ఇంకో ఎత్తు. ఆ వేర్లను అమ్మ ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి పంపింది నా పుట్టినరోజు కోసం.

నా పుట్టినరోజు దాటిపోయాక చెప్పాను. అమ్మ "నేను ఇంగ పంపించనులే," అని మాత్రం అంది. తర్వాత అక్క ఫోన్ చేస్తే అమ్మ ఎత్తిందట, తిట్టలేదట. "మా నాయన నీకేమైతాడు మా?" అని అడిగిందట. అవతల ఫోన్ పెట్టేశారు. మళ్ళీ ఆ ఫోన్ రాలేదు. నాకైతే అసలే రాలేదు.

టీ రూం బాగా నడుస్తోందని వింటుంటాను. నేను టీమ్ మారి వేరే భవనానికి వచ్చేశాను. ఇక్కడా ఒకరిద్దరు ఆ టీ గురించి గొప్పగా చెప్పారు. విన్నానని చెప్పి ఊరుకున్నాను.

మొన్న అమ్మ నార్సింగి వచ్చి వారం ఉంది. మధ్యాహ్నాలు బాల్కనీలో కూర్చునేవాళ్ళం. అమ్మ తనంతట తనే తాత గురించి మొదలుపెట్టింది. ఆయన చిన్నప్పుడు అడవిలో తప్పిపోవడం, అవ్వను చూడటానికి వెళ్ళి వానకు చిక్కుకోవడం, అన్నీ. ప్రతి దాని ముందూ ఒక్క క్షణం ఆగి గుర్తు చేసుకునేది. "ఇది ఆ పాపకు సెప్పినా," అనేది అక్క గురించి. కాసేపయ్యాక, "ఇది సెప్పలేదు," అని కుర్చీ నా దగ్గరికి జరుపుకునేది.