బస్సు బొగ్గు

మొన్న మా మనవరాలు అమలాపురం నుంచి అందమైన అట్టపెట్టె ఒకటి తెచ్చింది. డాబా మీద కోడిమాంసం కాల్చుకోడానికట. విప్పి చూస్తే కొబ్బరిచిప్పల బొగ్గు. దానికంత పెట్టె, పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ! నవ్వొచ్చింది. ఎవరూ చూడకుండా ఒక ముక్క గచ్చు మీద వదిలాను. ఖంగుమంది. ఆ చప్పుడుతో నవ్వు కాస్తా పోయింది.

మా పెదనాన్నగారు బొగ్గుని అలాగే పరీక్ష చేసేవారు. ఖంగుమంటే సరుకు, టప్పుమంటే పచ్చి. పి.గన్నవరం దగ్గర కాలవగట్టున ఆయనకి నాలుగు గోతులుండేవి. చిప్పలు పేర్చి, అంటించి, తెల్లపొగ పలచబడి నీలంగా మారగానే రేకు మూసి, గాలి చొరకుండా చుట్టూ బురద మెత్తేవారు. ఒక్క క్షణం ఆలస్యమైతే బూడిదే. నేను పుట్టకముందు, పెద్ద యుద్ధం రోజుల్లో, పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల డ్రమ్ములో బొగ్గు మండించుకుని ఆ గ్యాసుతో నడిచేవట. డ్రైవర్లు ఈయన అరుగు మీద కాఫీలు తాగుతూ బొగ్గు కోసం కాచుక్కూచునేవారట. యుద్ధం అయిపోయింది, పెట్రోలొచ్చింది, డ్రైవర్లు హారనైనా కొట్టకుండా పోవడం మొదలెట్టారు. చివరికి మిగిలింది ఒక ఇస్త్రీ అతనూ, ఇద్దరు కంసాలులూ. వాళ్ళకి ఒక్క గొయ్యి చాలు. అయినా పెదనాన్నగారు జల్లెడ పట్టి, నిమ్మకాయంత ముక్కలు వేరే పోసి, దాన్ని బస్సు బొగ్గు అనేవారు. ఇస్త్రీ అతను కూడా, పాపం, ఆయన మనసు నొచ్చుకోకుండా బస్సు బొగ్గే అడిగేవాడు.

నేను చదువు కోసం వాళ్ళింట్లో ఉన్న ఏడాది, ఉత్తరాన మంచుకొండల సరిహద్దులో మళ్ళీ యుద్ధం వచ్చిందని రేడియోలో చెప్పారు. ఏళ్ళ తరబడి చల్లారి ఉన్న మూడు గోతులూ ఆ పొద్దున్నే అంటించారు పెదనాన్నగారు. పొగకి దగ్గుతూనే నవ్వుతున్నారు. ఇస్త్రీ అతను వస్తే, "ఆయ్, ఇంక చూడండి, బస్సులన్నీ మళ్ళీ ఇక్కడే ఆగుతాయి" అన్నారు. పెద్దమ్మ తమ్ముడు సైన్యంలో, ఆ మంచుకొండల్లోనే ఉన్నాడు. ఆ సంగతి ఈయన మరిచిపోయారని కాదు. బొగ్గు అమ్ముడుపోయే యుద్ధమూ, బావమరిది ఉన్న యుద్ధమూ ఒకటేనని తట్టలేదంతే. పెద్దమ్మ మజ్జిగ చెంబు తెచ్చి గట్టు మీద పెట్టింది.

"ఈ యుద్ధం ఎన్నాళ్ళు జరగాలండీ మీకు?" అంది.

పెదనాన్నగారి చేతిలో బురదముద్ద అలాగే ఉండిపోయింది. రేకులు మూయలేదు. నీలంపొగ కూడా దాటిపోయి, మూడు గోతుల చిప్పలూ బూడిదైపోతుంటే నిలబడి చూశారు.

యుద్ధం తొందరగానే ఆగింది. బస్సులు పెట్రోలుతోనే తిరిగాయి. పెద్దమ్మ తమ్ముడు రాలేదు, టెలిగ్రాం వచ్చింది. పెదనాన్నగారు నాలుగు గోతులూ స్వయంగా పూడ్చేశారు. సావిట్లో మిగిలిన బస్సు బొగ్గుని పెద్దమ్మ ఏళ్ళపాటు కుంపట్లో వాడింది. ఎప్పుడైనా చెయ్యిజారి ఒక ముక్క ఖంగుమంటే, ఆయన తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయేవారు. ఆవిడ పిలిచేది కాదు.

"ఏంటమ్మమ్మా ఆ సౌండు?" అని మనవరాలు డాబా మీంచి అడిగింది. మంచి బొగ్గేనమ్మా అన్నాను. కాలంతోపాటు అన్నీ బూడిదైపోతాయనుకున్నాను గానీ, గాలి చొరకుండా మూసిపెట్టుకున్నవి ఇన్నేళ్ళకీ ఖంగుమంటూనే ఉన్నాయి.