విమానానికి కట్టిన ఎర్రట్ట

ఎర్రట్ట కట్టినవాడే విప్పాలి. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసరుగా ఉన్న రోజుల్లో ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తు లేదు. యంత్రంలో లోపం కనిపిస్తే, కనిపెట్టినవాడు ఒక ఎర్ర అట్టముక్క మీద ‘నడపరాదు’ అని రాసి, సంతకం పెట్టి, తీగతో దానికి కట్టాలి. ఇక ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి అడిగినా దాన్ని నడపకూడదు. కట్టినవాడే వచ్చి, లోపం సరిచేసి, తన చేత్తో విప్పాలి. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను బల్ల గుద్దేవాడిని. వెనక వరసలో ఎవరైనా కునుకు తీస్తే లేపి మరీ అప్పజెప్పించేవాడిని.

తొంభైల చివర్లో నాకు విమానాల పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఒక మైదానంలో రేడియోతో ఎగిరే చిన్న విమానాలను చూసి వచ్చాక నిద్ర పట్టలేదు. ఒకటి కొన్నాను, విరగ్గొట్టాను. ఇంకో రెండు విరిగేసరికి ఎగరేయడం వచ్చింది. అంతటితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. పాతకాలపు ట్రైనింగ్ విమానానికి నకలుగా, ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకు తొమ్మిదడుగులు వచ్చేలా ఒకటి కట్టాలనుకున్నాను. చెట్లు కోసే రంపపు మిషన్ ఇంజన్ ఒకటి సంపాదించాను. సేఫ్టీ వారోత్సవాల చివరి రోజున, రెక్కల కింద ‘ముందు భద్రత’ అని రాసి అతిథుల ముందు ఎగరేస్తానని మేనేజరుతో చెప్పాను. ఆయన ముచ్చటపడి వర్క్‌షాపులో ఒక మూల నాకిచ్చాడు, ఒక ఫిట్టర్‌ను కూడా ఇచ్చాడు.

ఆ ఫిట్టర్‌ది జిన్నారం దగ్గర పల్లె. అందరం మేస్త్రీ అనే పిలిచేవాళ్ళం. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అయినా నేను నువ్వు అనేవాడిని, ఆయన సార్ అనేవాడు. ఎనిమిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నాడు. పర్మనెంటు చేసే కాగితం మేనేజరు బల్ల మీదకు వచ్చిందని ఆ ఏడు అందరికీ తెలుసు. ఆయనకైతే మరీ తెలుసు. పొద్దున్నే గేటు దగ్గర నన్ను చూడగానే, “కాయితం కదిలిందా సార్?” అని నవ్వుతూ అడిగేవాడు.

విమానాన్ని దగ్గర నుంచి ఎన్నడూ చూడని మనిషి. కానీ నాకు తోచని జాగ్రత్తలన్నీ ఆయనకే తోచాయి. రెక్కలు బిగించిన మొదటి రోజే వాటి మీద ఇసుక సంచులు పేర్చాడు. నా ప్రాణం పోయినంత పనైంది.

“విరుగుతుంది మేస్త్రీ!” అని అరిచాను.

“విరిగితే ఈడనే విరగాలె సార్. ఇది బొమ్మ గాదు. పది కిలోల సామాను పైకెల్లి నెత్తిమీద పడితే మనిషి మిగుల్తడా?” అన్నాడు.

ఇంజన్ బోల్టులు అదురుకు వదులు కాకుండా ఒకదానికొకటి తీగతో మెలిపెట్టి బిగించాడు. రేడియోకు ఒక బ్యాటరీ చాలదని రెండోది పెట్టించాడు. విమానం మాట వినకపోతే కింద నుంచే ఇంజన్ ఆపడానికి విడిగా ఒక స్విచ్ ఉండి తీరాలన్నాడు. అదెందుకు, దండగ బరువు అని నేను గొణిగాను. బరువు సంగతి తనకు తెలియదని, స్విచ్ లేకపోతే మాత్రం తాను చెయ్యి పెట్టనని చెప్పేశాడు. నా పాఠాలు నిజంగా విన్నవాడు ఆ ఫ్యాక్టరీలో ఆయనొక్కడే.

ఎగరేసే రోజు వచ్చింది. ఫ్యాక్టరీ వెనక ఖాళీ నేల, దాని పక్కనే కంచె, కంచె అవతల నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే సాల్వెంట్ డ్రమ్ముల యార్డు. సాల్వెంట్ డ్రమ్ముల పక్కన పెట్రోలు ఇంజన్ ఎగరేయడానికి ఒప్పుకున్న సేఫ్టీ ఆఫీసరు ఎవడని మీరు అడగవచ్చు. నేనే.

పొద్దున ఇద్దరం ఆఖరి పరీక్ష చేశాం. సిగ్నల్ బలం తగ్గేలా రిమోటు ఏంటెన్నా మడిచి, ముప్పై అడుగుల దూరం నడిచి, అక్కడి నుంచి మీట కదిపితే విమానం రెక్కలు, తోక సరిగ్గా కదలాలి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బాగానే కదిలాయి. ఇంజన్ నడుస్తుండగా మళ్ళీ చూస్తే తోకరెక్క వణికింది. మేస్త్రీ ఇంజన్ ఆపించి లోపల చెయ్యి పెట్టి చూశాడు.

“తోక మోటార్ వైరు లూజున్నది సార్. అదురుకు ఊడొస్తది. పటాన్‌చెరు పోయి కొత్త కనెక్టర్ తెస్త. గంటల వస్త. అప్పటిదాంక ముట్టకుండ్రి.”

వెళ్ళేముందు జేబులోంచి ఎర్రట్ట తీసి, సంతకం పెట్టి తోకకు కట్టాడు. విమానం ప్లాంటు యంత్రం కాదు కాబట్టి ఎర్రట్టల లెక్క రాసే రిజిస్టర్లో ఎక్కించలేదు. అది కట్టిన సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అంతే.

అతిథులు గంట ముందే వచ్చేశారు. మేనేజరు వాళ్ళను వెంటబెట్టుకుని నేరుగా మైదానానికే వచ్చి, “ఏమయ్యా, రెడీనా?” అన్నాడు. కాదనడానికి ఒక్క మాట చాలు. చుట్టూ రెండు వందలమంది, ముందు వరసలో పెద్దవాళ్ళు, పూలదండ పట్టుకుని ఎవరో. నాకు ఆ దండే కనిపించింది. తోక దగ్గర వంగి, నా ఒళ్ళు అడ్డం పెట్టి, తీగ తిప్పి ఎర్రట్ట తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. వైరును వేలితో లోపలికి గట్టిగా నొక్కాను. “రెడీ సార్” అన్నాను.

రెండు చుట్లు అందంగా తిరిగింది. చప్పట్లు కొట్టారు. మూడో చుట్టులో ముక్కు కిందికి దించింది, మీట ఎంత లాగినా లేవలేదు. ఆ రోజు నేను చేసిన సరైన పని ఒక్కటే, ఇంజన్ ఆపే స్విచ్ నొక్కడం. చప్పుడు ఆగిపోయింది. విమానం డ్రమ్ముల యార్డు కంచెకు నాలుగు గజాల ఇవతల పడి తుక్కు తుక్కయింది. మనుషులకు ఏమీ కాలేదు, నిప్పు అంటుకోలేదు. ఇంజన్ నడుస్తూ కంచె దాటి పడి ఉంటే ఆ యార్డు మిగిలేది కాదు.

మర్నాడు మేనేజరు గదిలో విచారణ. తోక బిగించింది మేస్త్రీ కాబట్టి ముందు ఆయన్నే అడిగారు.

“వైరు లూజున్నది సార్. ఎర్రట్ట కట్టి పోయిన. నేనొచ్చేసరికి పడిపోయి ఉన్నది” అన్నాడు ఆయన. గొంతులో బెదురు లేదు. నేను పక్కనే ఉన్నాను కదా అన్న ధీమా.

మేనేజరు నావైపు తిరిగాడు.

“నేను చూసినప్పుడు ఎర్రట్ట లేదు సార్, వైరు సరిచేసే పోయాడనుకున్నాను” అన్నాను.

మేస్త్రీ నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. చీకట్లో మెట్టు అందనివాడిలా తడబడ్డాడు. “కట్టిన సార్... కట్టినట్టే యాదికున్నది” అన్నాడు. రెండోసారి అన్నప్పుడు గొంతు తగ్గింది.

ఆ సాయంత్రం సంగారెడ్డిలో మా ఇంటి నీళ్ళ పొయ్యిలో ఆ అట్ట వేశాను. నెల తిరగకుండా మేస్త్రీ కాంట్రాక్టు ఆగిపోయింది. నాకు ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చి ఊరుకున్నారు. మళ్ళీ క్లాసులు చెప్పాను. బల్ల గుద్దడం మాత్రం మానేశాను. నా పిరికితనానికి నేను చెల్లించింది అంతే. సిగ్గుతో చచ్చిపోయానని రాయడం తేలిక. చచ్చిపోలేదు. జీతం తీసుకున్నాను, బండి కొన్నాను, ప్రమోషనూ వచ్చింది.

నాలుగేళ్ళ తర్వాత జిన్నారం వైపు పనిమీద వెళ్ళినప్పుడు ఎవరో చెప్పారు, మేస్త్రీ ఫిట్టర్ పని వదిలేసి ఏదో గోడౌన్ గేటు దగ్గర కూర్చుంటున్నాడని. అంత పనిమంతుడు గేటు కాపలా కాయడమేమిటి అనుకున్నాను. వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ తుడిచి వేశాడు. ఆయన భార్య లోపల చాయ్ పెడుతోంది.

“పని ఎందుకు వదిలేశావు మేస్త్రీ?”

“చేతకాలేదు సార్. బోల్టు బిగిస్త, పది అడుగులు నడుస్త, బిగించిన్నా లేదా అని మల్ల ఎనకకు పోత. సూసొస్త, మల్ల అదే అనుమానం. ఆ రోజు ఎర్రట్ట కట్టిన్ననే అనుకున్న, ఇంట్ల ఒట్టు గూడ పెట్టిన. మీరు లేదన్నరు. మీరెందుకు అబద్ధమాడుతరు? నా బుర్రనే కరాబైందని సమజైంది. గసొంటి మనిషి పానా పట్టొద్దు గద సార్, ఎవరి పానమో పోతది.”

ఉద్యోగం పోగొట్టానని క్షమాపణ అడుగుదామని వెళ్ళాను. ఏం పోగొట్టానో అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

“మేస్త్రీ, మీరు కట్టారు. నా ఎదురుగానే కట్టారు. నేనే తీశాను” అన్నాను.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన ముఖం మెల్లగా విప్పారింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా లోపలికి తిరిగి కేకేశాడు.

“ఏమే, జల్ది ఇటు రా! నేను కట్టిన్నంట! సారే చెప్తున్నరు, నేను కట్టిన్నంటనే!”

ఆమె చాయ్ గ్లాసుతో గడప దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన్ను చూడలేదు, నన్నే చూసింది.

“నాలుగేండ్ల సంది రాత్రిపూట లేసి తలుపు గొళ్ళెం సూసుకుంట తిరుగుతున్నడు సార్” అంది.