ఉత్తగ ఇచ్చేది ఉత్తదేనట

మా ఆయనకు ఉచితమంటే మహా లోకువ. రేషన్ షాపు కంట్రోల్ బియ్యం తిని పెరిగిన మనిషే మరి.

రెండో పాప పుట్టినప్పుడు నాచారంలో మందుల కంపెనీలో నా ప్యాకింగ్ పని పోయింది. మళ్లీ అదే గేటు ముందు నిలబడి, సూపర్‌వైజర్‌ను బతిమాలి తెచ్చుకున్నాను. ఇంకో కాన్పంటే ఆ పని గోవిందా. అందుకే కాపర్-టి వేయించుకుంటానన్నాను. సర్కారు దవాఖానాలో పైసా అడగరు.

"ఉత్తగ ఏస్తరా? ఉత్తగ ఇచ్చేది ఉత్తదే," అని తేల్చేశాడు. ఊరికే వచ్చింది దేనికీ పనికిరాదని ఆయన సిద్ధాంతం.

"అయితే ఉప్పల్ల ప్రైవేటు దవాఖానకు పోదాం పా," అన్నాను. పోయాం. డాక్టరమ్మ రేటు చెప్పగానే ఆయన మొహం ఆముదం తాగినట్టయింది. బయటికొచ్చి, "గింత తీగ ముక్కకు గంత రేటా?" అన్నాడు. అంతకుముందు వారమే కొత్త ఫోను కొన్న పెద్దమనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. ఉచితమైతే ఉత్తది, డబ్బు పెడితే దండగ. మరి నేనేం చేయాలి?

దానికి మా అత్త దగ్గర జవాబుంది. "ఈసారి పిలగాడైతడేమో, జర సూడు," అంది. పోయేది ఆవిడ ఉద్యోగం కాదు కదా.

వాళ్లతో వాదించి నోరు పాడుచేసుకోలేదు. సెలవు రోజున ఒక్కదాన్నే సర్కారు దవాఖానాకు వెళ్లాను. గోడ మీద పోస్టర్లో ఒకామె, పిల్లలు కాకుండా చేతి చర్మం కింద పెట్టే కొత్త రకం చూపిస్తూ నవ్వుతోంది. అదేమైనా ఉందా అని సిస్టరమ్మను అడిగాను.

"అది మన దగ్గరికి ఇంకా రాలేదమ్మా," అంది. పోస్టరు మాత్రం వచ్చేసింది. ఏలినవారికి కాగితం పంపడమంటే సులువు. కాపర్-టినే వేయమన్నాను.

"మీ ఆయన రాలేదా?"

"ఆయనకేమన్న ఏస్తరా ఏంది?"

సిస్టరమ్మ నవ్వి బల్ల ఎక్కమంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడో కాన్పు రాలేదు, నా పనీ పోలేదు. మొన్న ఆడబిడ్డ భర్త ఇంటికొస్తే మా ఆయన కాలు మీద కాలేసుకుని బోధ మొదలుపెట్టాడు.

"ఇద్దరితోని ఆపినం బావా. దవాఖానలు గిట్ల ఏం అక్కర్లేదు. మొగోనికి కంట్రోల్ ఉండాలె."

ఈయన ఎరిగిన కంట్రోల్ రేషన్ షాపు బియ్యమొక్కటే. టీ కప్పులు వాళ్ల ముందు పెట్టి చెప్పులేసుకున్నాను. కంపెనీ బస్సుకు టైమవుతోంది.