మా అమ్మ యాది ఎవరి దగ్గరున్నదో

సంగారెడ్డి తహసీల్ కచేరీకి యాదిపెట్టె వచ్చిన ఏడే నేను పటాన్‌చెరు బడిలో కొత్తగా పంతులమ్మనైన. తలకు ఇనుప టోపీ పెట్టి, ఒక దినాన్ని తలుసుకోమనేటోళ్లు. ఆ దినం మన కండ్లకు ఎట్ల కనబడ్డదో అట్లనే తీగచుట్ట మీదికి ఎక్కేది. తర్వాత తెల్లబట్ట మీద బొమ్మలెక్క చూపెట్టేటోళ్లు. భూమి తగాదాల్లో ఇగ ఎవరూ అబద్ధమాడలేరని తహసీల్దార్ సాబ్ మురిసిపోయిండు.

పటేల్‌గూడల మా చేను పక్కన ఒక పెద్దరైతు చేను. నాయిన పోయినంక ఆయన హద్దురాయి మాయం చేసి, మా దిక్కు జరిగి దున్నిండు. ఆ రాయి పాతిననాడు నాయిన వెంట ఉన్నది అమ్మ ఒక్కతే. అందుకే ఆమెకు టోపీ పెట్టిన్రు.

పెట్టె నడిపేటాయన పట్నం నుంచి వచ్చిన కోటు మనిషి. "ఆ పెద్దరైతు కోటాయన్ను చూసి నవ్విండు. చూసినవా బిడ్డా?" అన్నది అమ్మ బయటికొచ్చినంక.

"మిషన్‌కు పక్షం ఏముంటదమ్మా?" అన్న నేను. చదువుకున్నదాన్నని జెర గర్వం.

వారానికి మళ్ల పిలిచిన్రు. కిటికీలు మూసి తెల్లబట్ట కట్టిన్రు. జొన్నచేను కనబడ్డది, కొడవలి పట్టిన గాజుల చెయ్యి కనబడ్డది. రాయి మాత్రం పెద్దరైతు చెప్పినకాడనే ఉన్నది. ఇన్నొద్దులు అమ్మే అబద్ధం చెప్పిందా అనుకున్న. గట్ల అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గైతది.

అమ్మ లేచింది. "సాబ్, ఆ కొడవలి ఏ చేతిల ఉన్నది?"

"కుడిచేతిల."

"నాది ఎడమచేతివాటం. కొడవలి ఇప్పియ్యుండ్రి, కోసి చూపెడత."

ఆవరణల గడ్డి కోసి చూపెట్టింది. కోటు మనిషి చెమటలు తుడుచుకుంట, "చుట్టలు తారుమారైనయేమో" అన్నడు. తహసీల్దార్ అదే రోజు మనుషులను వెంటబెట్టుకొని చేనుకు వచ్చిండు. అమ్మ చూపెట్టినకాడ తవ్వితే, మూరెడు లోతుల రాయి బోర్లపడి ఉన్నది. చేను మాకు మళ్లింది.

"మరి నా చుట్ట ఏది?" అని అమ్మ అడిగింది. వెతికిన్రు, దొరకలేదన్నరు.

ఇంటికొచ్చినంక అమ్మ, "ఆ రాయి పాతిననాడు మీ నాయినతోని కొట్లాడి ఏడ్చిన. గట్టు మీద కూసోబెట్టి నా కాలిల ముల్లు తీసిండు. అదంత ఎవడు చూస్తున్నడో," అన్నది.

అటెన్క అంగడిల ముక్కుమొహం తెలియనోడు నవ్వినా కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. మరుసటేడు బడి పంతుళ్లందరూ టోపీ పెట్టుకోవాలని హుకుం వచ్చింది. జెరమొచ్చిందని చిట్టీ రాసి పంపిన, ఇల్లు కదలలే.