పరగడుపు షుగర్

నాన్న దొంగచాటుగా తీపి తింటున్నాడని నేను తీర్మానించేసుకున్నాను. లేకపోతే పొద్దున్నే పరగడుపున తీసిన రక్తంలో షుగర్ రెండొందల యాభై ఎలా ఉంటుంది? కంట్లో శుక్లాల ఆపరేషన్ అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. షుగర్ తగ్గందే కంటి మీద చెయ్యి వెయ్యనని డాక్టర్ గారు తెగేసి చెప్పారు. పెడనలో నలభై ఏళ్లు కలంకారీ అచ్చులు వేసిన మనిషి, అచ్చు పక్కన అచ్చు నూలుపోగంత తేడా రాకుండా దించినవాడు, బందరులో నా ఇంట్లో గోడ తడుముకుంటూ నడుస్తున్నాడు.

బెల్లం, పంచదార, ఎవరో తెచ్చిచ్చిన లడ్డూలు అన్నీ అలమారలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి బ్యాగులో వేసుకుని కాలేజీకి వెళ్లేదాన్ని. ఆయన చొక్కా జేబులు కూడా వెతికాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"నేనేం తినలేదమ్మా," అన్నాడు.

"మరి గాల్లోంచి వచ్చిందా నాన్నా?"

ఆ రోజు నుంచి రాత్రి భోజనం మానేశాడు. బతిమాలాను, అరిచాను. కంచం ముందు కూర్చుని మంచినీళ్లు తాగి లేచిపోయేవాడు. నాలుగో రోజు పొద్దున ల్యాబుకి తీసుకెళ్తుంటే ఆటో కమ్మీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. మా ఇద్దరి పంతంలో మనిషి దక్కకుండా పోతాడేమో అనిపించింది.

సాయంత్రం స్లిప్పు వచ్చింది. షుగర్ తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది.

అది పట్టుకుని షుగర్ చూసే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. తాళం సంగతి విని ఆవిడ ముందు అది తీసెయ్యమన్నారు.

"తినకపోతే లివరే చక్కెర తయారుచేస్తుంది కదండీ. ఆ పని నడిపించే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. ఇన్సులిన్ అందితే లివర్ కణాలు వాటిని ముక్కలు చేసేస్తాయి, తయారీ తగ్గుతుంది. మీ నాన్నగారి లివర్ ఇన్సులిన్ మాట వినడం లేదు. ఆ ప్రొటీన్లు అలాగే ఉండిపోతున్నాయి. ఆయన తిన్నా మానేసినా పొద్దున్నకి చక్కెర వచ్చిపడుతూనే ఉంటుంది."

పెళ్లయిపోయినా వంటవాళ్లని పంపకపోతే పొయ్యిలు మండుతూనే ఉంటాయి, అంతే కదా అనుకున్నాను. పన్నెండేళ్లుగా ఇంటర్ పిల్లలకి కాలేయం పాఠం చెప్తున్నదాన్ని నేను. ఆకలివేళ కాలేయం చక్కెర వదులుతుందని నల్లబల్ల మీద బొమ్మ గీసి, ఇంటికొచ్చి నాన్న జేబులు తడిమాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇన్సులిన్ సూదులు మొదలుపెట్టారు. కొన్నాళ్లకి ఆపరేషనూ బాగానే అయింది. కానీ నాకు మిగిలిపోయింది మాత్రం ఆ సాయంత్రమే. ఇంటికి రాగానే తాళం తీసి, నాన్న పక్కన కూర్చుని, డాక్టరమ్మ చెప్పిందంతా ఒక్కటీ వదలకుండా అప్పజెప్పాను. తప్పు ఆయనది కాదన్నాను, లివర్ కణాల్లో ముక్కలవ్వాల్సిన ప్రొటీన్లు ముక్కలవ్వడం లేదన్నాను.

నాన్న చివరిదాకా విని, నా గొంతు వస్తున్న వైపు తిరిగాడు.

"ఆవిడ చెప్తే నమ్మావు. తినలేదని నేనూ అదే చెప్పాను కదమ్మా."