తల అంటే కిందికి

ట్రాక్టరు వెనక తగిలించే గడ్డి మిషనుతో మైదానం కోయడం ఎవరైనా చేస్తారు. సమానంగా కోయడం మాత్రం రాయగడలో మా బావ ఒక్కడికే వచ్చని నా నమ్మకం. నాకు వచ్చిన కాస్తా ఆయన నేర్పిందే. అలా నేర్పిన మనిషికి ఇప్పుడు కుడిచెయ్యి లేదు. అది పోయింది నా వల్ల. మూడేళ్ళపాటు ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

బావంటే మా అక్క మొగుడు. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు కాలనీలో పుట్టి పెరిగినవాడు. ఇద్దరం ఒకే కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాం. ట్రాక్టరు నేను నడిపేవాణ్ణి, వెనక మిషను సంగతంతా బావ చూసుకునేవాడు. ఆటస్థలాలు, కాలేజీ మైదానాలు, ఆఫీసుల ముందు పచ్చిక, ఇదే మా పని.

లివరు దించి గేరేసి పోవడమే కోత అనుకునేవాళ్ళని చూస్తే బావకి ఒళ్ళు మండేది. మొండి కత్తెరతో క్షవరం చేసినట్టుంటుంది వాళ్ళ పని. బావ మొదట వెనక టైర్లు రెండింట్లో గాలి చూసేవాడు. ఒకదాంట్లో కాస్త తగ్గినా మిషను అటు వాలి, మైదానం మెట్లు మెట్లుగా వస్తుంది. తర్వాత సిమెంటు నేల మీద బండి ఆపించి, బ్లేడు కొస ఎంత ఎత్తులో ఉందో కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి పుల్ల పెట్టి కొలిచేవాడు. మిషను ముందు భాగం వెనక కంటే వేలి మందం కిందికి ఉండాలి. లేకపోతే తెగిన గడ్డినే మళ్ళీ మళ్ళీ కొట్టి పీచుపీచు చేస్తుంది. బ్లేడుకి పదును లేకపోతే గడ్డి తెగదు, చిరుగుతుంది. మర్నాటికి కొసలు ఎండిపోయి మైదానమంతా తెల్లబారుతుంది. ఇంజను జోరుగా తిరగాలి, బండి నిదానంగా పోవాలి. నాది సరిగ్గా దానికి ఎదురు.

"ఏట్రా, పెళ్ళికి గానీ ఎల్తన్నావా? బండి మెల్లగా పోనీ," అని వెనకనుంచి కేకలేసేవాడు.

ఈ పనిలో మాకు రెండే రెండు మాటలు. ఒడియాలో పైకి అనడానికి ఉన్న మాట మా నోట్లో "ఉపర" అయింది. కిందికి అనడానికి ఒడియావాళ్ళు నోరు గుండ్రంగా చేసి "తొళొకు" అంటారు. మాచ్‌ఖండ్‌లో మా తెలుగువాళ్ళు, కొండ ఊళ్ళవాళ్ళు కలిసి బరువులు మోసిన రోజుల్లో ఆ మాట అరిగి అరిగి "తల" అయిపోయిందట. బావకి అది ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు, ఆయన నుంచి నాకు అంటుకుంది. ఉపర అంటే మిషను ఎత్తాలి, తల అంటే దించాలి. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన చుట్టం ఒకాయన మా పని చూస్తూ, బావ తల అన్నప్పుడల్లా తన బుర్ర తడుముకునేవాడు. ఆయన్ని పట్టుకుని రోజంతా ఏడిపించాం.

ఆ రోజు రాయగడ బయట ఒక పెద్ద మైదానం కోస్తున్నాం. మర్నాడు అక్కడ ఆటల పోటీలు. ముందురోజు వాన పడి గడ్డి ఇంకా తడిగానే ఉంది. తడి గడ్డి కొయ్యకూడదని బావ చెప్పి చూశాడు, కాంట్రాక్టరు వినలేదు. ట్రాక్టరు బ్యాటరీ నీరసంగా ఉంది, ఒకసారి ఆపితే తోసుకోవాల్సిందే. మిషనుని ఎత్తి దించే లిఫ్టులో నూనె కారుతోంది, ఎత్తిన మిషను దానంతటదే మెల్లగా దిగిపోతోంది. అందుకే మిషను కింద చెక్క దిమ్మ పెట్టకుండా లోపలికి దూరకూడదని బావే రూలు పెట్టాడు. ఆ పొద్దున దిమ్మ బండిలో వెయ్యాల్సింది నేను. మర్చిపోయాను.

కోతకి ముందు ఎత్తు సరిచూశాం. "తల... ఇంకాస్త తల... సాలు. ఉపర. మళ్ళీ తల." ఓ పావుగంట ఇదే పాట. లివరు మీద నా చెయ్యి ఆ మాటకి అలవాటు పడిపోయింది. మొదటి నాలుగు వరసలూ అద్దంలా వచ్చాయి. వాటిని చూసి బావ నవ్వాడు కూడా. అయిదో వరసలో మిషను కింద తడి గడ్డి ముద్దలు కట్టుకుని, వెనక తెగని గడ్డి చారలు చారలుగా మిగలడం మొదలైంది. బావ చెయ్యెత్తాడు. నేను బ్లేడు ఆపి మిషను ఎత్తాను. ఇంజను ఆపలేదు. దిమ్మ ఏదని బావ అడిగాడు, తేలేదన్నాను. నన్ను ఓ తిట్టు తిట్టి, చిన్న ఇనుప రేకు పుచ్చుకుని వెల్లకిలా కిందికి దూరాడు. వద్దని నేను అనలేదు. త్వరగా అయిపోతే చాలనుకున్నాను.

నేను ముందుకి తిరిగి కూర్చున్నాను. వెనక రేకుతో గీకుతున్న చప్పుడు వినబడుతోంది. కాసేపటికి బావ అరిచాడు.

"తల! ఒరే, తల!"

నా చెయ్యి లివరు నొక్కేసింది.

అప్పటికే మిషను మెల్లగా దిగి ఆయన నెత్తికి ఆనుకుంది. ఆయన తన తలకాయ గురించి అరిచాడు. ప్రాణం మీదికి వస్తే మనిషికి అమ్మ భాషే కదా వచ్చేది. నాకు వినబడింది మాత్రం పని మాట. ఎలాగో తల తప్పించుకున్నాడు గానీ కుడిచెయ్యి మిషను అంచుకీ నేలలో ఉన్న రాయికీ మధ్య ఉండిపోయింది. నేను మిషను ఎత్తి, దిగి చూసేసరికి అది చెయ్యిలా లేదు. గేటు వైపు తిరిగి కేకలేశాను. గేటు దగ్గర మనుషులు పరిగెత్తుకొచ్చి ఆయన్ని బయటికి లాగారు. ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు.

ఎలా జరిగిందని అందరూ అడిగారు. "నానే దించమన్నాను," అన్నాడు బావ. పోలీసుకి ఒడియాలో, కాంట్రాక్టరుకి హిందీలో, మా అక్కకి తెలుగులో అదే చెప్పాడు. దిమ్మ సంగతి ఎత్తనే లేదు. నేను మంచం పక్కనే నిలబడి మూడు భాషల్లోనూ ఆ అబద్ధం విన్నాను. నోరు విప్పలేదు. లైసెన్సు పోతుందని భయం, అక్క మొహం చూడలేనన్న భయం. సిగ్గులేని మనిషిని, ఇంకేమనాలి?

తర్వాత మూడేళ్ళూ అక్క ఆయన్ని తిట్టని రోజు లేదు. అన్నం కలిపి పెడుతూనే తిట్టేది. "ఏటి మనిసివి నువ్వు! నీ నోటితో నువ్వే దించమన్నావు. కింద ఉన్నానన్న గేనం నేదా?" అనేది. బావ తల వంచుకుని ముద్ద అందుకునేవాడు. డ్రైవర్లకి పని నేర్పడానికి ఆయన్ని పెట్టుకుందామని ఇంకో కాంట్రాక్టరు వచ్చి, ఊళ్ళో కథ విని వెనక్కి తగ్గాడు. సొంత చేతి మీద మిషను దింపించుకున్నవాడు ఎవరికేం నేర్పుతాడని అన్నాడట. వేలి మందం తేడా పట్టుకునే మనిషికి ఆ పేరొచ్చింది. చెయ్యి పోయినప్పటి కంటే ఆ రోజే బావ ఎక్కువ కుంగిపోయాడు. ఆ రోజూ నేను నోరు మూసుకునే ఉన్నాను.

ఆదివారాలు నేను వాళ్ళింట్లోనే భోజనం చేసేవాణ్ణి. పోయినేడాది ఒక ఆదివారం అక్క మళ్ళీ అదే మాట ఎత్తుకుంది. నేను కంచం పక్కకి జరిపాను.

"బావ దించమననేదక్కా. తలకాయ అని అరిచేడు. దించమన్నాడనుకుని నానే దించేసేను. దిమ్మ తేనిది కూడా నానే," అన్నాను.

కంచంలో అక్క చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూడలేదు. బావనే చూసింది.

"ఇన్నేళ్ళు తిట్టేను. ఎందుకు పడ్డావు? ఒక్కసారైనా నన్నెందుకు ఆపనేదు?"

"నీ తమ్ముడు గదా అమ్మీ. ఆడే సెప్తాడని సూసేను," అన్నాడు బావ.

అక్క లేచి చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ముగ్గురిలో ఎవరమూ తినలేదు. ఇంటికి వచ్చాక గుండెల మీంచి ఏదో తీసేసినట్టు హాయిగా అనిపించింది. ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాను. అది చెప్పుకోవడానికి ఇప్పుడు రోత పుడుతోంది.

నెల రోజుల తర్వాత స్టేషను దగ్గర టీ కొట్లో బావ కనిపించాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తేలిగ్గా ఉందేట్రా ఇప్పుడు?"

"ఉంది బావా," అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నాకు నేదు," అన్నాడు. "మూడేళ్ళు మీ అక్క నన్ను మొగుణ్ణి తిట్టినట్టు తిట్టింది. ఇప్పుడొక్క మాట అనదు. అన్నం కలిపి నోటికందిస్తూ ఏడుస్తంది. ఆ కూడు నానెలా తినాలి? మొదటి రోజే సెప్పుంటే సరిపోను గదరా."

బావ ఎడంచేత్తో గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

"ఇంక ఆదివారాలు రాకు," అన్నాడు. "నిన్ను సూస్తే అది మరీ ఏడుస్తంది."

నేను వెళ్ళడం మానేశాను.